కట్టినవాడు లేని మేడ

బయ్యన గృహభంగ కచేరీ మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతుండగా వెనక కుంభసాగరం కట్ట మీద కొమ్ము ఊదారు. ఒక కొమ్ము మోగితే చెరువు నీళ్లు కట్ట అంచుకు మూరెడు దిగువన ఉన్నాయని గుర్తు. రెండు మోగితే జానెడు. మూడు మోగితే ఇక నాలుగోసారి ఊదడానికి మనిషి మిగలడు. బయ్యన చేతిలో గునపం ఉంది, ఒంటి మీద తడిబట్ట ఉంది, కడుపులో మాత్రం నిన్నటి నుంచి ఏమీ లేదు.

శ్వేతగిరి రాజ్యంలో ఇల్లు కట్టుకోవాలంటే ఎవరినీ అడగనక్కరలేదు. చోటూ సత్తువా ఉంటే చాలు. కూల్చాలంటే మాత్రం ముగ్గురు ఒప్పుకోవాలి. కట్టినవాడు, అందులో కాపురమున్నవాడు, దాని నీడ పడేవాడు. ముగ్గురూ తలా ఒక పసుపు దారం గునపానికి ముడివేస్తేనే ఆ గునపం గోడను ముట్టుకోవాలి. పూర్వం మత్తకేసరి అనే రాజు తన ఏనుగుల ఊరేగింపుకు దారి ఇరుకైందని నాలుగు వీధుల పూరిళ్లు ఒక్క పూటలో నేలమట్టం చేయించాడట. ఆ ఉసురుకు వాస్తుదేవత మేల్కొని, ఈ నేల మీద అడగకుండా గోడ కూల్చబోయిన చెయ్యి మోచేతి దాకా రాయైపోతుందని శపించింది. ఆ శాపం పేదవాడి గుడిసె కోసం పుట్టింది. అయితే మంచి శాసనం దొరికితే మంచివాళ్ల కన్నా ముందు తెలివైనవాడే దాన్ని దత్తత చేసుకుంటాడు.

అలా దత్తత చేసుకున్నవాడి పేరు ధూమ్రకంఠుడు, మాంత్రికుడు. కుంభసాగరం నిండినప్పుడు మిగులు నీళ్లు లోయలోకి పారిపోయేందుకు తాతల నాటి అలుగు ఒకటి ఉంది. సరిగ్గా దాని నోటికి అడ్డంగా కిందటేడు ఒక్క పూటలో ఏడంతస్తుల మేడ లేపాడు. ఆ మేడ అందం చెప్పాలంటే నాకే అసూయగా ఉంటుంది. పగడాల కమ్మీలు, స్ఫటికపు గవాక్షాలు, నెమలికంఠపు వన్నె శిఖరాలు, మూలమూలనా రెక్కలు విప్పిన రాతి గండభేరుండాలు, మెరుపు మెరిస్తే నీలం నుంచి వంగపండు రంగుకు తిరిగే గోడలు. మంచి మేడే. కూర్చున్న చోటే మంచిది కాదు.

తొమ్మిది రోజులుగా వాన ఆగలేదు. అలుగు మూసుకుపోయి నీళ్లు కట్ట మీదికి ఎగబాకుతున్నాయి. కట్ట కింద దిగువపేట, మూడు వందల గడపలు, అన్నీ బయ్యన లాంటి రాతిపని వాళ్లవే. పారిపోదామంటే ముందు చండవాహిని నది పొంగి వంతెన కొట్టుకుపోయింది, వెనక చూస్తే కట్ట. వేయి ప్రాణాలు ఒక్కసారి నీళ్లపాలైతే తనకిక చావుండదని ఏ పాడు గ్రంథంలోనో చదివాడు ధూమ్రకంఠుడు. రాజుగారికి మొర పెట్టుకుంటే ఆయన కంటతడి పెట్టి, శాపం రాజు చేతికైనా ఒకటే కదా నాయనా అని కచేరీకి పంపాడు.

నిన్న బయ్యన తమ్ముడు పాపన ఉండబట్టలేక మేడ మూలరాయి మీద గునపం వేశాడు. దెబ్బ పడీ పడకముందే వాడి కుడిచెయ్యి మోచేతి దాకా నల్లరాయి అయిపోయింది. బయ్యన ఏడవలేదు. చెయ్యి సంగతి తరువాత, మూడు కేకలు కూడా వెయ్యకుండా కొట్టావేందిరా అని తిట్టాడు. వాళ్ల ముత్తాత ఒకసారి పాడుబడిన గాదె కూల్చినప్పుడు అందులో వానకు తలదాచుకున్న ఒక బాలింత ఉండిపోయింది. ఆనాటి నుంచి వాళ్ల వంశంలో మొదటి దెబ్బకు ముందు మూడుసార్లు కేకవేసి అడగడం కట్టుబాటు. లోపలి నుంచి ఒక్క గొంతు పలికినా గునపం దించెయ్యాలి. రాజు ఆజ్ఞ దాటినా దాటుతారేమో గానీ ఈ మాట మాత్రం దాటరు.

గృహభంగాధికారి దండపాణి కారుతున్న కప్పు కింద గొడుగు వేసుకుని కూర్చుని ఉన్నాడు. బయ్యన చెప్పిందంతా విని మూడు పసుపు దారాలూ, ఒక పంజరమూ ముందుకు తోశాడు. పంజరంలో వయసు మళ్లిన చిలుక ఒకటి లోకం మీద కోపంగా కూర్చుని ఉంది.

"ఇది సాక్షి చిలుక. ఇది చూడనిది జరగనట్టే. అబద్ధం దీనికి చేతకాదు. ఊరుకోవడం మాత్రం వచ్చు, అది మేమే నేర్పాం. కచేరీలో పనికొస్తుంది," అన్నాడు దండపాణి. "సూర్యాస్తమయంలోగా మూడు దారాలూ పడాలి. రేపటి నుంచి మూడు రోజులు కచేరీకి సెలవు."

"తొమ్మిదినాళ్లుగా సూర్యుడే లేడు గదా సామీ."

"సూర్యుడు లేకపోయినా అస్తమయం ఉంటుంది. ఇంకో రెండు మాటలు విను. చేత్తో రాయి పెట్టి సున్నం అద్దినవాడే కట్టినవాడు. కట్టించినవాడు కాదు, సొమ్మిచ్చినవాడు కాదు. దారం ముడివేసిన చెయ్యి దెబ్బ వెయ్యకూడదు. ఒప్పుకునేవాడూ కొట్టేవాడూ ఒకడే అయితే ఇక అడగడం దేనికి?"

బయ్యన పంజరం భుజాన వేసుకుని వానలోకి ఉరికాడు. చిలుక తడుస్తూ, కుదుపులకు ముక్కుతో కమ్మీలు పట్టుకుని, "నెమ్మది, నెమ్మది," అని గదమాయించింది. నెమ్మది అనే మాట ఆ పూట బయ్యన చెవికెక్కే మాట కాదు.

నీడ పడే మనిషి ఎవరో ఊరంతటికీ తెలుసు. మేడకు పడమట అలుగు గట్టు మీద ఓబులవ్వది ఒంటరి గుడిసె. మేడ లేచింది మొదలు ఆమె పెరట్లో ఎండ పడలేదు, మిరపకాయలు ఎండలేదు. పొద్దున లేచి మేడకు ఎదురుగా నిలబడి నాలుగు శాపనార్థాలు పెట్టి గానీ ఆమె నోట్లో నీళ్లు పోసుకోదు.

"దారం కడతావా అవ్వా?" అన్నాడు బయ్యన.

"దారమేంది నాయనా, మోకు ఇయ్యి కడతా," అంది ఓబులవ్వ, గునపం ముందుకు లాక్కుని.

"నీడ లేదు," అంది చిలుక. "నీడ పడుతుండగా కట్టాలని శాసనం. చూడలేదు."

బయ్యన ఆకాశం వైపు చూశాడు. మబ్బు తాటిచాపలా పరుచుకుని ఎక్కడా చిరుగు లేదు. ఎండ లేని చోట నీడ ఎక్కడి నుంచి తేవాలి? ఓబులవ్వ చిలుకకు నాలుగు పెట్టింది, శాసనానికి నాలుగు పెట్టింది. ఆమె తిట్టు పూర్తి కాకముందే మేడ వెనక మెరుపు మెరిసింది. ఆ ఒక్క రెప్పపాటులో మేడ నీడ పెరడంతా నల్లగా పరుచుకుని, గుడిసె ఎక్కి, మాయమైంది.

"అవ్వా, ముడి వదులుగా వేసి పెట్టుకో. మెరుపు రాంగనే లాగు," అన్నాడు బయ్యన.

ఓబులవ్వ గునపానికి దారం చుట్టి, కొసలు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. రెండో మెరుపు వచ్చింది. ఆమె లాగింది.

"రెప్ప వేశాను. చూడలేదు," అంది చిలుక.

బయ్యన ఆ చిలుకను ఏంచేసేవాడో గానీ, అప్పుడే మూడో మెరుపు వచ్చింది. ఈసారి అది పెరటి చివరనున్న రాతిగుండు మీదే పడింది. గుండు రెండుగా పగిలి ఒక ముక్క గుడిసె పక్కగా దొర్లుకుంటూ పోయింది. బయ్యన నేలకు అంటుకుపోయాడు, పంజరం తలకిందులైంది. కళ్లు తెరిచేసరికి ఓబులవ్వ కూర్చున్నచోటే కూర్చుని ఉంది, దారం బిగిసి ఉంది.

"నీడ పడింది, ముడి పడింది. చూశాను," అంది చిలుక తలకిందులుగానే.

మొదటి దారం అలా పడింది. బయ్యన అవ్వ పాదాలకు మొక్కి, కాపురమున్నవాళ్ల దారం కోసం మేడ వైపు పరుగెత్తాడు.

మేడ గుమ్మానికి రెండు రాతి గండభేరుండాలు కాపలా. మనిషి అలికిడి వినగానే వాటి కళ్లు తెరుచుకుంటాయి, ముక్కులు సాగుతాయి. కూల్చడానికి వచ్చానంటే చీల్చి పారేస్తాయి. బయ్యన తలగుడ్డను ఎగువదేశపు వాళ్లలా చెవుల మీదికి చుట్టాడు. నడుముకు వేలాడే పనిసంచీలోంచి ఇంత సున్నం తీసి ముఖాన పులుముకున్నాడు. నడుం ఒక పక్కకు వంచి, తాపీ చేతబట్టుకుని, ఏ ఊళ్లో వానాకాలం వచ్చినా వీధుల్లో వినిపించే కేక అందుకున్నాడు.

"మిద్దె కారితే బాగు చేస్తాం. గోడ చెమరిస్తే బాగు చేస్తాం. పని నచ్చకుంటే పైసా వద్దమ్మా..."

గండభేరుండాల ముక్కులు అతని మెడ దాకా వచ్చి ఆగాయి. ఏడో అంతస్తు నుంచి కొండ దొర్లినట్టు ఒక ఆడగొంతు వినిపించింది. "వాణ్ణి పైకి పంపండి. నా పొయ్యి మీద ధార కారుతోంది."

ఏడంతస్తులు ఎక్కడం నేను చెప్పినంత తేలిక కాదు. మొదటి అంతస్తులో నేలంతా అద్దం, అద్దం కింద మొసళ్లు. కాలు పెట్టినచోటల్లా అద్దం పలచబడుతుంటే ఆగితే పోతానని బయ్యన ఆగకుండా దాటాడు. రెండో దాంట్లో కప్పు నుంచి కత్తులు వేలాడుతున్నాయి, పంజరం కడుపు కింద దాచుకుని పాకాడు. మూడో దాంట్లో ఏమీ లేదు, అన్నిటికన్నా అక్కడే భయం వేసింది. నాలుగో అంతస్తులో వాళ్లమ్మ గొంతుతో ఎవరో "అన్నం తిని పోరా" అని పిలిచారు. ఆకలికి బయ్యన తల తిప్పబోతే చిలుక అతని చెవి కొరికింది. ఐదో దాంట్లో ఒక మెట్టు ఎక్కితే రెండు మెట్లు కిందికి జారుతున్నాయి. గోడవారన రాయి కొసలు కదలడం లేదని కనిపెట్టి, ఆ కొసల మీద మునివేళ్లతో నడిచాడు. ఆరో దాంట్లో తలుపులు నూటొక్కటి, కనిపించినవన్నీ మూసే ఉన్నాయి. ఉడుకుతున్న సంగటి వాసన పట్టుకుని సరైన తలుపు తోశాడు.

ఎక్కేటప్పుడు పనివాడి కన్ను ఒక సంగతి చూసింది. ఇంత మేడలో ఎక్కడా సున్నపు చార లేదు. రాయి మీద రాయి ఊరికే నిలబడి ఉంది, మంత్రమే జిగురు. మూలరాయి ఒక్కటి కదిలితే మొత్తం జొన్నరాశిలా జారిపోయి లోయలో పడుతుంది. ఆ తలంపుతో బయ్యన కాళ్లకు కొత్త బలం వచ్చింది.

ఏడో అంతస్తులో పొయ్యి ముందు గండశిల కూర్చుని ఉంది. రాక్షసి. తల కప్పుకు తగలకుండా మెడ వంచుకుని, తాటిచెట్టంత తెడ్డుతో కాగులో రాగి సంగటి కెలుకుతోంది. ఆమె ఒక చెంప వైపు చూసి ముగించి రెండో చెంప వైపు చూడాలంటే కొంచెం నడవాలి.

"నన్ను తింటావా తల్లీ?" అన్నాడు బయ్యన. ముందే తెలుసుకోవడం మేలు కదా.

"మనిషి అరగడు నాయనా, పైత్యం చేస్తాడు," అంది గండశిల విసుగ్గా. "కూర్చో. ఈ ముద్ద దింపినాక చూపిస్తా కారేచోటు."

కూర్చోమంటే బయ్యన కూర్చోగలడా? బయట నీళ్లు పెరుగుతున్నాయి, పొద్దు దిగుతోంది. దారం ఎలా అడగాలా అని అటూ ఇటూ తిరుగుతుంటే పొయ్యి వెనక గోడలోంచి బుసబుసమని వాననీరు చిమ్ముతూ కనిపించింది. రెండు రాళ్ల మధ్య వేలు పట్టే సందు. మంత్రానికి నిలబెట్టడమే వచ్చు, సందులు పూడ్చడం రాదు. బయ్యన మనసు దారం మీద ఉంది. చెయ్యి మాత్రం వాళ్ల నాన్న నేర్పిన చెయ్యి, అది ఊరుకోలేదు. నేల మీదున్న రాతిపెచ్చు ఒకటి తీసి, సందులో ఆనించి, తాపీ పిడితో రెండు దెబ్బలు కొట్టి, సంచీలోని సున్నం అద్ది, బొటనవేలితో నొక్కాడు. కారడం ఆగింది. ఇంకోసారి నొక్కాడు. ఆ పని చేసినట్టు అతనికే తెలియదు.

"చూశాను," అంది చిలుక.

ఏం చూశావని బయ్యన అడగలేదు. గండశిల పొయ్యి వైపు చూసి, పొడిగా ఉన్న గోడను అరచేత్తో తడిమి, ఏడాదికి మొదటిసారి నవ్వింది. ఆ నవ్వుకు గవాక్షాలు గలగలలాడాయి.

నవ్వు దొరికినప్పుడే మాట వెయ్యాలి. బయ్యన మారువేషం విప్పి పారేసి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. దిగువపేట, కట్ట, కొమ్ములు, తమ్ముడి చెయ్యి, అన్నీ. "ఈ మేడ కూల్చాలి తల్లీ. కాపురమున్నదానివి నువ్వు. నువ్వు ఒప్పుకోవాల."

గండశిల తెడ్డు కాగు అంచుకు ఆనించింది. "ఈ మేడ నిలిచినంతకాలం పొయ్యి ఆరనియ్యనని ఆ మాంత్రికుడు నాతో ఒట్టు వేయించుకున్నాడు. మా దీవిలో నా చెల్లెలి పెళ్లి కూడా అయిపోయి ఉంటుంది. గడప దాటితే ఒట్టు తప్పినట్టు. మేడ పడితే గానీ నేను కదలను," అంది. "ఏడాది నుంచి ఎంతమంది వచ్చి ఈ గోడలను తిట్టిపోయారో. నన్ను మాత్రం ఒక్కరూ అడగలేదు."

"ఇప్పుడు అడుగుతాండా."

"అడిగినావు గదా, ఇయ్యి," అని ఆమె గునపం అందుకుంది. ఆమె వేళ్లకు దారం చిక్కనంత సన్నగా ఉంది. నాలుగుసార్లు జారిపోయాక, నాలుక కొరుక్కుని, చిన్నపిల్లలా ముడి వేసింది. చిలుక చూశానంది. అదే క్షణాన కట్ట మీద కొమ్ములు రెండు మోగాయి.

కొమ్ముల మోత తగ్గేలోపే పొయ్యి పొగ ఒకచోట ముద్దకట్టి, ముద్దకు గడ్డం మొలిచి, గడ్డం వెనక ధూమ్రకంఠుడు నిలబడ్డాడు. చేతిలో వెన్నెముకల దండం, మెడలో పాము. గునపం మీది దారాలు చూసి కోప్పడతాడనుకుంటే, చేతులు కట్టుకుని తీరిగ్గా నవ్వాడు.

"రెండు సాధించావు. శెభాష్. మూడోది కట్టినవాడు కట్టాలి. వాణ్ణి ఎక్కడ వెతుకుతావు?" అన్నాడు. "నేననుకున్నావేమో. నేను ఈ మేడలో ఒక్క రాయిని చేత్తో ముట్టలేదు. మంత్రం పేర్చింది. మంత్రం వచ్చి నీ గునపానికి దారం కడుతుందా? కట్టినవాడు లేని మేడను కూల్చడానికి ముల్లోకాల్లో అనుమతి లేదు. శాసనం చదువుకునే కట్టానురా నేను."

ఆ మాట అబద్ధం కాదని ఎక్కి వచ్చిన ప్రతి రాయీ బయ్యనకు చెప్పింది. దిగువపేటలో ఇంటింటి గడపా, ఆ గడపల మీద కూర్చుని తన కోసం కట్ట వైపు చూసే ముఖాలూ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. ఏమని చెప్పాలి వాళ్లకు?

"ఉన్నాడు," అంది చిలుక.

మాంత్రికుడి నవ్వు సగంలో నిలిచిపోయింది.

"కట్టినవాడు ఉన్నాడు. పొయ్యి వెనక గోడ, కింది నుంచి పదకొండో వరస. ఒక రాతిపెచ్చు. ఆనించాడు, కొట్టాడు, సున్నం అద్దాడు, బొటనవేలితో నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. ఈ మేడలో మనిషి చేత్తో పెట్టిన రాయి అదొక్కటే. పెట్టినవాడు ఈ బయ్యన. నేను చూశాను."

బయ్యన తన బొటనవేలు చూసుకున్నాడు. దానికి సున్నం ఇంకా ఆరలేదు. ఏడంతస్తుల మేడకు, పగడాల కమ్మీలకు, నెమలికంఠపు శిఖరాలకు తానొక్కడే మేస్త్రీ అని అప్పటికి అర్థమైంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు గానీ చేతులు ముందే మూడో దారం తీశాయి.

ధూమ్రకంఠుడు దండం ఎత్తాడు. బయ్యన వైపు విసిరిన నిప్పుముద్దకు అడ్డంగా గండశిల తెడ్డు పెట్టింది, తెడ్డు సగం కాలిపోయింది. రెండో నిప్పుముద్ద మెట్ల మీద పడింది. ఏడో అంతస్తు నుంచి నేల దాకా మెట్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఊడి కిందికి పడిపోయిన చప్పుడు చాలాసేపు వినిపించింది. మూడో మంత్రానికి మాంత్రికుడు నోరు తెరిచాడు. తెరవడమే తప్పయింది. గండశిల కాగులోంచి గుమ్మడికాయంత సంగటి ముద్ద తీసి ఆ నోట్లో కుక్కి, వాడి రెండు చేతులూ వెనక్కి విరిచి, వాడి మీద కూర్చుంది.

"వేడిగా ఉంది, నెమ్మదిగా నములు," అంది.

బయ్యన మూడో ముడి బిగించాడు. చిలుక చూశానంది. మూడు పసుపు దారాలు గునపం మీద తడిసి మెరుస్తున్నాయి. ఇక కొట్టడమే. కానీ కొట్టేదెవరు? దారం కట్టిన చెయ్యి తనది, గండశిలది. దిగడానికి మెట్లు లేవు. గవాక్షంలోంచి తొంగిచూశాడు. కింద, చాలా కింద, మూలరాయి పక్కన మోకాలి లోతు బురదలో ఒక మనిషి నిలబడి పైకి చూస్తున్నాడు. కుడిచెయ్యి వేలాడుతోంది, బరువుగా.

"పాపనా, పక్కకు జరగరా," అని అరిచి బయ్యన గునపం వదిలేశాడు.

గునపం గిరగిరా తిరుగుతూ పోయి పాపన కాళ్లకు బారెడు దూరంలో నిలువునా దిగబడింది. పాపన దాన్ని ఎడమచేత్తో పెరికాడు. దారాలు లెక్కపెట్టుకున్నాడు, రెండోసారి కూడా. పైకి చూశాడు. మెట్లు కూలిన చప్పుడు వాడూ విన్నాడు. గునపం ఎవరు వేశారో వాడికి తెలుసు, వేసినవాడు ఎక్కడున్నాడో తెలుసు. కట్ట మీద ఊదేవాడు మూడో కొమ్ము కోసం ఊపిరి పీల్చుకుంటున్నాడు.

పాపన గునపం మొన మూలరాయి సందులో పెట్టాడు. తరువాత తలెత్తి, వాళ్ల ముత్తాత నాటి నుంచి వస్తున్న కేక వేశాడు.

"లోపలెవరన్నా ఉండారా?"

గండశిల పెదవులు కదిలాయి. బయ్యన వేలు చూపించి వద్దన్నాడు. ఒక్క గొంతు పలికితే వాడు గునపం దించేస్తాడు. వాడు కూడా తన తండ్రి కొడుకే, ఆ మాట దాటడు.

"నన్ను అడిగితే అబద్ధం చెప్పలేను," అని గొణిగింది చిలుక.

"అబద్ధం వద్దు. ఊరుకో. నీకు నేర్పినారంట గదా," అన్నాడు బయ్యన దాని చెవిలో. చిలుక ముక్కు రెక్కలో దోపుకుంది.

"లోపలెవరన్నా ఉండారా, అన్నా?"

ఆ రెండో కేకలో చివరి మాట కట్టుబాటులో లేదు. అది వినగానే బయ్యన గుండె చెరువైంది. పొద్దున్నుంచి నోటికి తాళం లేని మనిషి, ఇప్పుడు తలగుడ్డ కొస నోట్లో కుక్కుకుని పళ్లతో కరిచిపట్టాడు. ఉన్నానని ఒక్క మాట అంటే తాను బతుకుతాడు. మూడు వందల గడపలు మునుగుతాయి. ఇందులో లెక్క తప్పేందుకు ఏమీ లేదు, అయినా గొంతు దానంతట అదే పైకి వస్తోంది. వెనక ధూమ్రకంఠుడు ఆఖరి ముద్ద మింగి, ఛాతీ నిండా గాలి పీల్చి, "ఉన్..." అన్నాడు. గండశిల అరచెయ్యి వాడి ముఖమంతా కప్పేసింది.

"లోపలెవరన్నా..."

మూడో కేక అక్కడే తెగిపోయింది. కాసేపటికి మళ్లీ మొదటి నుంచి మొదలైంది, కట్టుబాటు కదా, పూర్తి చెయ్యాలి. "లోపలెవరన్నా ఉండారా?" పాపన చాలాసేపు ఆగాడు. ఎంతసేపు ఆగాలో కట్టుబాటులో లేదు గనుక ఎంత ఆగగలిగితే అంత ఆగాడు. వాన చప్పుడు తప్ప మేడ పలకలేదు.

అప్పుడు రాయి ఇనుము మీద పడ్డ చప్పుడు వచ్చింది. పాపన తన రాతిచేతినే సమ్మెట చేసి గునపం నెత్తిన కొట్టాడు. ఒకటి, రెండు. మూడో దెబ్బకు మూలరాయి కదిలింది. కింద అలుగు ఏడాది తరువాత నోరు తెరిచి గర్జించింది. పొయ్యిలో నిప్పులు నేల మీద దొర్లాయి, కాగు తలకిందులైంది, గండశిల ఒక చేత్తో మాంత్రికుణ్ణీ మరో చేత్తో బయ్యననూ పంజరంతో సహా పట్టుకుంది. తూర్పు గవాక్షంలో ఆకాశం ఉండవలసిన చోట కుంభసాగరం నిలబడి లోపలికి చూస్తోంది.

కాళ్ల కింద నేల జారుతుండగా బయ్యన నోట్లోని తలగుడ్డ తీసేశాడు.

"ఉండాంరా తమ్ముడూ," అన్నాడు.